అంబాసిడర్ కింద పుల్లారావు

పుల్లారావుకు ఎవరైనా నమస్కారం పెడితే, తిరిగి పెట్టేముందు ఆయన ఒకసారి వెనక్కి చూసుకుంటాడు, ఆ నమస్కారం తన వెనక నిలబడ్డవాడికేమోనని. వెనక ఎవరూ లేరని తేలాక ఇంకో బెంగ పట్టుకుంటుంది. నిన్నటిదాకా పెట్టనివాడు ఇవాళ ఎందుకు పెట్టాడు? వీడికి నాతో పనేమొచ్చింది? అది తేలేలోపు నమస్కారం పెట్టినవాడు వీధి మలుపు తిరిగి వెళ్లిపోతాడు. పొగరుబోతని ఊళ్లో పేరు పడింది గానీ, పాపం ఆయనకు పొగరు లేదు. ఉన్నదంతా అనుమానమే.

గురజాల దాటాక తారురోడ్డు పక్కన కొండ్రపాలెం ఆయన ఊరు. మిరప, పత్తి వేస్తాడు. అరవై దాటినా మనిషి గట్టివాడు. పొలానికి నడిచే వెళ్తాడు, వెళ్లేటప్పుడు ఒక దారి, వచ్చేటప్పుడు ఒక దారి. ఎందుకని అడిగితే చెప్పడు. ఎరువుల కొట్లో బస్తా మూతి కుట్టు వేలితో తడిమి చూస్తాడు, మధ్యలో ఎవరన్నా విప్పి మళ్లీ కుట్టారేమోనని. డాక్టరు రాసిన చీటీ తీసుకెళ్లి ఇంకో డాక్టరుకు చూపిస్తాడు. ఇద్దరూ వేరు వేరు మాటలు చెబితే ఒకడికి పని రాదంటాడు. ఇద్దరూ ఒకే మాట చెబితే కూడబలుక్కున్నారంటాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ గుణం ఆయనకు ఊరికే రాలేదు. ఒక ఏడాది అందమైన సంచిలో అమ్మిన నకిలీ విత్తనాలు కొన్నాడు. చేను నడుమెత్తు పెరిగి ఒక్క కాయా కాయకపోతే గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. అంతకుముందు, ఊళ్లో గొడవలు ముదిరిన రోజుల్లో, ఆయన తండ్రిని పెళ్లి భోజనానికి పిలిచి తల పగలగొట్టి పంపించారు. పిలవడానికి వచ్చినవాడు నవ్వుతూనే పిలిచాడు. ఆ నవ్వు పుల్లారావు మర్చిపోలేదు. పోనీ ఆయన అనుమానాలన్నీ తప్పవుతాయా అంటే అదీ లేదు, అప్పుడప్పుడూ నిజమవుతుంటాయి. ఎప్పుడూ తప్పే అయ్యుంటే ఏనాడో మానుకునేవాడు.

కొండ్రపాలెంలో బస్సులు ఆగే చోటును స్టేజీ అంటారు. స్టేజీలో రోడ్డుకు అటొక టీ బంకు, ఇటొక టీ బంకు. అటు తాగేవాడు ఇటు తాగడు. మంగలి షాపులు రెండు, కోడిమాంసం కొట్లు రెండు, చవితికి వినాయకుడి పందిళ్లు కూడా రెండే. అటువైపు వర్గానికి పెద్ద చెన్నకేశవరావు. పుల్లారావుకు సొంత పెదనాన్న కొడుకు, అన్న వరస. సర్పంచి ఎన్నికల్లో ఒకరి మీద ఒకరు నిలబడ్డప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. అన్నీ రెండేసి ఉన్న ఊళ్లో వెల్డింగు షాపు మాత్రం ఒక్కటే ఉంది, అది బాజీది. షాపున్న స్థలం చెన్నకేశవరావుది కాబట్టి బాజీ అటువైపు మనిషని లెక్క. బాజీ ఎవరికి ఓటేశాడో బాజీకే తెలియాలి, ఊరు మాత్రం తేల్చేసింది. ఇటువైపు వాళ్ల ట్రాలీ విరిగినా, గేటు ఊడినా గురజాల మోసుకుపోవాలే తప్ప బాజీ షాపు గడప తొక్కకూడదు. కూతవేటు దూరంలో షాపు పెట్టుకుని దాన్ని దాటి మైళ్లకు మైళ్లు ఇనుము మోసే మనుషుల్ని చూసి ఏమనాలి? ఏమీ అనలేం. అంటే మనం ఏ వైపో తేల్చేస్తారు.

పుల్లారావు భార్య పేరు సామ్రాజ్యం. ఆమెకు కిడ్నీలు రెండూ పాడయ్యాయి. రోజు విడిచి రోజు నరసరావుపేట ఆసుపత్రికి వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. ఒకసారి తుపానుకు వాగు పొంగి వెళ్లలేకపోతే ముఖం, కాళ్లు వాచి, పడుకుంటే ఊపిరాడక మంచం మీద కూర్చునే తెల్లవార్లూ గడిపింది. అప్పుడు పుల్లారావు ఆమె వీపుకు తన వీపు ఆనించి కూర్చున్నాడు. ఇంకోసారి మానితే మనిషి దక్కదని డాక్టరు చెప్పాడు. ఆ ఒక్క మాట మీద మాత్రం పుల్లారావు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లలేదు.

ఆ ప్రయాణానికి ఇంట్లో ఉన్నది ఒక పాత తెల్ల అంబాసిడరు. ముందు ఆయన, వెనక సీట్లో ఆమె. తిరిగొచ్చేటప్పుడు ఆమెకు ఒంట్లో సత్తువ ఉండదు, సీట్లో ఒరిగి కళ్లు మూసుకుంటుంది. కూతురు ఇంద్రజ వినుకొండ నుంచి ఫోను చేసినప్పుడల్లా కిరాయి కారు మాట్లాడుకోమని పోరుతుంది. "డ్రైవరెవడో, వాడి మేనమామ ఎవడో మనకేం తెలుసే?" అంటాడు. పోనీ బస్సు? బస్సులో మన పక్కన ఎవడు కూర్చుంటాడో మన చేతిలో ఉండదు. కాబట్టి అంబాసిడరే ఆమె ప్రాణానికి ఉన్న దారి. దాన్ని ఎవరైనా ఏమైనా చేస్తే ఆమెను చేసినట్టే. ఆయన ఆలోచన అట్లా సాగుతుంది.

అందుకని బయల్దేరే ముందు పుల్లారావు ఒక గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరి టార్చి వేసి చూస్తాడు. బ్రేకు పైపు, చక్రాల బోల్టులు, ఎవరన్నా ఏమన్నా కట్టారా, ఏమన్నా వదులు చేశారా. ఇన్నేళ్లుగా ఏమీ కనబడలేదు. మొన్న వానాకాలం పోయాక ఒక ఉదయం కనబడింది. వెనక సీటు కింద, కారు అడుగున అడ్డంగా పోయే ఇనప పట్టీ తెగి ఉంది. గీత గీసినట్టు, పై నుంచి కిందికి.

వేరేవాళ్లయితే 'తెగింది' అనుకునేవాళ్లు. పుల్లారావు 'కోశారు' అనుకున్నాడు. చిత్రం ఏమిటంటే, ఆయనకు భయం కంటే ముందు ఒక రకమైన తృప్తి కలిగింది. ఇన్నాళ్లూ వంగి చూసినందుకు ఫలితం దక్కింది మరి.

"ఏమే, నిన్న మనింటి ముందుకి ఎవరొచ్చారు?" అన్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి.

"కూరగాయలామె వచ్చింది," అంది సామ్రాజ్యం.

"ఇంకా?"

"మేక వచ్చింది."

"ఎవరి మేక?"

సామ్రాజ్యం చేతిలో గరిటె పక్కన పెట్టి ఆయన మొహంలోకి చూసింది. "ఏమయిందయ్యా?"

"బండి అడుగున పట్టీ కోశారు. నువ్వు కూచునే చోటికి సరిగ్గా కింద. ఇది చెన్నకేశవరావు పని."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత, "తుప్పేమో చూడరాదా," అంది మెల్లగా.

"తుప్పయితే ఇట్టా రంపం పెట్టినట్టు తెగిద్దటే?"

ఆమె మళ్లీ గరిటె తీసుకుంది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. ఆగిపోవడంలో కూడా ఏదో ఉందని పుల్లారావుకు తట్టకపోవడమే వింత, మేకను కూడా వదలని మనిషికి.

పోలీసు స్టేషనులో చెబుదామంటే, రాసుకునేవాడు ఎవరి మనిషో తెలియదు. బాగు చేయిద్దామంటే బాజీ సంగతి చెప్పనే అక్కర్లేదు. గురజాలలో ఇక్బాల్ మంచి పనివాడే, కానీ బాజీ పెళ్లిలో వాడు వడ్డన చేయడం పుల్లారావు కళ్లారా చూశాడు. పిడుగురాళ్ల షాపులో చెన్నకేశవరావు ట్రాక్టరు బాగు చేయిస్తాడు. ఇలా ఒక్కొక్క పేరూ కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలింది తనొక్కడే. సరే, నేనే అతుకుతా అనుకున్నాడు.

సామ్రాజ్యం ఆసుపత్రిలో మంచం మీద ఉన్న పూట, నరసరావుపేట బజారులో వెల్డింగు మిషను కొన్నాడు. చేతిసంచి అంత ఉంటుంది ఇప్పటి మిషను, ఇంటి కరెంటుకే నడుస్తుంది. షాపువాడు ఒకటి చూపించి ఇది తీసుకోండి అన్నాడు. వాడు అన్నాడు కాబట్టి దాన్ని వదిలేసి, అటక మీద దుమ్ము కొట్టుకుని ఉన్న ఇంకోటి దింపించి తెచ్చుకున్నాడు. కారు పని అయ్యేదాకా భార్యను తన వర్గం వాడి ఆటోలో తీసుకెళ్లేలా మాట్లాడుకున్నాడు. ఆ ఆటో కుదుపులకు ఆమె దారిపొడుగునా వాంతులు చేసుకుంది. పుల్లారావు ఆమె నుదురు పట్టుకుని కూర్చున్నాడు, పట్టీ కోసినవాణ్ని మనసులో తిట్టుకుంటూ.

పని మొదలుపెట్టడానికి ముందు ఆయన తీసుకున్న జాగ్రత్తలు చూస్తే ఏ షాపు మేస్త్రీ అయినా ముక్కున వేలేసుకుంటాడు. కారును జాకీతో ఎత్తాడు. జాకీ మీద నమ్మకం లేక చక్రాల కింద తుమ్మ మొద్దులు పెట్టాడు. మొద్దుల మీద నమ్మకం లేక పాత టైర్లు వాటి పక్కన పేర్చాడు. బ్యాటరీ తీగలు విప్పి బ్యాటరీని ఇంట్లో పెట్టి తాళం వేశాడు. డీజిలు తోడేశాడు. వెనక సీటు పీకి అరుగు మీద వేశాడు. లోపల కాళ్లు పెట్టుకునే చోట పట్టా అంటుకోకుండా దాని మీద తడి గోనెలు కప్పి, నీళ్ల బకెట్టు దగ్గర పెట్టుకున్నాడు. అనుమానం మనిషిని కాపాడే చోట్లు కూడా ఉంటాయి, ఇది అలాంటి చోటు.

కానీ అనుమానంతో అతుకు పడదు. బల్ల మీద పెట్టి అతికేటప్పుడు కరిగిన ఇనుము కిందికి దిగి, రెండు ముక్కల మధ్యా తనంతట తనే కూర్చుంటుంది. కారు కింద వెల్లకిలా పడుకుని నెత్తి మీద అతికే పని వేరు. అక్కడా ఇనుము కిందికే దిగుతుంది, కింద ఉన్నది మనిషి. మొదటిరోజు, కరిగి అతుకుగా మారే వెల్డింగు రాడ్డును పట్టీకి ముట్టించగానే ఒక నిప్పు బొట్టు చొక్కా గుండీల సందులోంచి దూరి పొట్ట మీద పరిగెత్తింది. లేవబోయి తల కారుకు కొట్టుకున్నాడు. ఫోనులో వీడియోలు చూశాడు. ఒకడు ఒక రకంగా, ఇంకొకడు ఇంకో రకంగా చెబుతున్నాడు, ఇద్దరికీ హిందీ తప్ప రాదు.

ఇక మిగిలిన దారి ఒక్కటే. పుల్లారావు పేపరు చంకన పెట్టుకుని స్టేజీలో తమ వైపు టీ బంకు బెంచీ మీద కూర్చున్నాడు. పేపరు మీదుగా ఎదురుగా బాజీ షాపు కనిపిస్తుంది. నేర్చుకోవడానికి వచ్చానని ఆయన తనకు తనే ఒప్పుకోలేదు. శత్రువు మీద నిఘా వేయడానికి వచ్చానని చెప్పుకున్నాడు.

బాజీ ఒక ట్రాలీ అడుగున పని చేస్తున్నాడు. నలభై ఏళ్ల మనిషి, బక్కగా, మెడ దాకా గుండీలు పెట్టుకుని, టోపీ వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. అతికే చోటుకు సరిగ్గా కింద పడుకోకుండా కాస్త పక్కకు జరిగి పడుకున్నాడు. సన్న రాడ్డు పెట్టి, కరెంటు తగ్గించి, రాడ్డు కొసను ఇనుముకు తాకీ తాకనట్టు దగ్గరగా పట్టుకున్నాడు. చిటికె సేపు అతికి ఆపుతున్నాడు. అక్కడ చల్లారేలోపు ఇంకో చోట ఇంకో చిటికెడు. అన్నీ చుక్కలు చుక్కలుగా పెట్టుకుని తర్వాత వాటిని కలుపుతున్నాడు. మధ్య మధ్య చిన్న సుత్తితో పైన గట్టిపడిన నల్లటి పెంకు కొట్టి రాలగొడుతున్నాడు.

రెండో పూట పుల్లారావు వచ్చి కూర్చునేసరికి బాజీ షాపు ముందు ఎప్పుడూ సగానికి అడ్డంగా ఉండే రేకు తీసేసి ఉంది. ట్రాలీని కూడా దాని అడుగు రోడ్డు వైపు ఇంకా బాగా కనబడేలా తిప్పి పెట్టాడు. పని కూడా నెమ్మదిగా చేస్తున్నాడు, చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు చేసినంత నెమ్మదిగా.

పుల్లారావు పేపరు దించాడు. రేకు ఎందుకు తీశాడు? ట్రాలీ ఎందుకు తిప్పాడు? నేను చూస్తున్నానని వీడికి తెలుసు. తెలిసి చూపిస్తున్నాడు. అటువైపు మనిషి ఇటువైపు మనిషికి విద్య చూపిస్తాడా ఎక్కడైనా? చూపిస్తున్నాడంటే తప్పుది చూపిస్తున్నాడు. నేను ఇట్లాగే అతకాలి, అది ఊడి రోడ్డు మీద పడాలి, వాళ్లు అటు బంకులో టీలు తాగుతూ నవ్వుకోవాలి. అబ్బ, ఎంత తెలివి!

ఇంటికి వెళ్లి బాజీ చేసినదానికి అంతా తలకిందులుగా చేశాడు. బాజీ సన్న రాడ్డు వాడాడు కాబట్టి లావు రాడ్డు తీశాడు. కరెంటు పెంచాడు. రాడ్డు దూరంగా పట్టుకున్నాడు. ఆపకుండా ఒక్క ఊపున లాగాడు. ఇనుము బొట్లు బొట్లుగా రాలింది. మెడ కాలింది, చెవి తమ్మె కాలింది. పట్టీకి అతుకుగా పెట్టిన కొత్త రేకు ముక్కకు రూపాయి బిళ్లంత కన్నం పడింది. కళ్లకు అడ్డం పెట్టుకునే నల్లద్దం సరిగా పట్టుకోనందుకు సాయంత్రానికి కళ్లు ఎర్రబడి ఇసుక పోసినట్టు మండాయి. సామ్రాజ్యం దోసకాయ ముక్కలు కోసి కళ్ల మీద పెట్టింది. కాలిన చోట తేనె రాసింది.

"బాజీని ఒక్క మాట అడిగితే పోయేదేముందయ్యా?" అంది.

"వాడు చూపించినదానికి ఉల్టా చేస్తేనే ఇట్టా కాలింది. వాడు చూపించినట్టు చేస్తే తగలబడి ఉండేవాణ్ని," అన్నాడు పుల్లారావు, కళ్ల మీద దోసకాయ ముక్కలతో.

సామ్రాజ్యం తేనె గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది.

కళ్లు తేటపడ్డాక ఆయనకు మొండితనం వచ్చింది. వీడి కుట్ర ఎంతవరకు పోతుందో చూద్దామని, బాజీ చేసినట్టే అచ్చంగా చేశాడు. పక్కకు జరిగి పడుకున్నాడు. తుప్పు గీకి ఇనుము మెరిసేదాకా రుద్దాడు. సన్న రాడ్డు, తక్కువ కరెంటు, తాకీ తాకనంత దగ్గర. చిటికెడు, ఆపు. చిటికెడు, ఆపు. ఇనుము రాల్లేదు. పైకి అంటుకుని అక్కడే నిలిచింది. పుల్లారావు అద్దం తీసి నోరు తెరిచి చూశాడు. పట్టింది. అయితే ఇందులో ఇంకేదో మోసం ఉంది.

ఉలి తీసుకుని తన అతుకును తనే పగలగొట్టాడు. లోపల బాగానే కరిగి కలిసి ఉంది. మళ్లీ అతికాడు. మళ్లీ పగలగొట్టాడు. ఆ వారమంతా ఆయన ఇంటి ముందు నీలం వెలుగు మెరవడం, తర్వాత సుత్తి మోత, తర్వాత తిట్లు, మళ్లీ వెలుగు. చివరికి ఎంత కొట్టినా ఉలి మొన వంగిందే గానీ అతుకు కదల్లేదు. అప్పుడు నల్ల రంగు పూసి, కారు దించి, సీటు బిగించి, మొహం కడుక్కున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక వస్తువును పూర్తిగా నమ్మాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లే రోజు. సామ్రాజ్యం టిఫిను సంచి, దుప్పటి పట్టుకుని వచ్చి కారు ముందు కాసేపు నిలబడింది. పుల్లారావు వెనక తలుపు తీసి, పెళ్లికొడుకు లాగా పక్కకు జరిగాడు.

"ఎక్కు. ఏనుగెక్కినా కదలదు," అన్నాడు.

ఆమె ఎక్కింది. కారు వీధి దాటి స్టేజీ దగ్గరికి వచ్చింది. రెండు బంకుల్లోనూ పొద్దున టీల వేళ, అటూ ఇటూ జనం ఉన్నారు.

"ఆపయ్యా," అంది సామ్రాజ్యం.

"ఏందే, కడుపులో తిప్పిందా?"

"బాజీని పిలువు. అడుగున ఒకసారి చూడమను."

పుల్లారావు వెనక్కి తిరిగాడు. "నీకేమన్నా మతి పోయిందా? నేను అతికింది వాడు చూసేదేంది?"

"నువ్వు పిలుస్తావా, నన్ను పిలవమంటావా?" అని, ఆయన జవాబు కోసం చూడకుండా అద్దం దించి తల బయటపెట్టింది. "ఒరే బాజీ! ఇట్రా అయ్యా ఒకసారి!"

రెండు బంకుల్లోనూ గ్లాసులు ఆగిపోయాయి. ఇటువైపు ఇంటి ఆడమనిషి నడిరోడ్డు మీద బాజీని పేరు పెట్టి పిలవడం ఎన్నికల తర్వాత ఎవరూ వినలేదు. బాజీ చేతులు గుడ్డతో తుడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు.

"ఏం పిన్నీ, ఒంట్లో ఎట్టా ఉంది?"

"ఉన్నాలే. మీ బాబాయి అడుగున అతికాడు. ఎట్టా ఉందో చూడు."

బాజీ పుల్లారావు వైపు చూశాడు. "చూడమంటావా బాబాయ్?"

పుల్లారావు స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ ఉండిపోయాడు. ఊ అంటే ఇటు బంకు నవ్వుతుంది, ఉహూ అంటే వెనక సీటు ఊరుకోదు. బాజీ రోడ్డు మీద పడుకుని కిందికి దూరాడు. టంగు టంగుమని కొట్టిన చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి చొక్కా దులుపుకున్నాడు.

"అతుకు గట్టిగా ఉంది బాబాయ్. నెత్తి మీద పని అంత తొందరగా ఎవరికీ రాదు."

బాగోలేదని ఉంటే పుల్లారావు తట్టుకునేవాడు, అనుకున్నదే కదా. బాగుందన్నాడు! పుల్లారావు తట్టుకోలేకపోయింది అదే. కారు దిగి బాజీ ముందు నిలబడ్డాడు. "బాగుందని ఎందుకంటున్నావురా నువ్వు?"

"బాగుంది గాబట్టి అన్నా."

"ఇంకేందో ఉంది నీ మొహంలో. చెప్పు."

బాజీ సామ్రాజ్యం వైపు చూసి, నేల చూపులు చూశాడు. "అతుకు సంగతి చెప్పాను. దాని పక్క సంగతి నేను చెప్తే నువ్వు నమ్మవు బాబాయ్."

"వాడెందుకు చెప్పాలి? నేను చూపిస్తాగా," అంది సామ్రాజ్యం. కారు తలుపు తెరిచి కిందికి దిగింది. టిఫిను సంచిలోంచి స్టీలు చెంచా తీసింది. వంగి, తను కాళ్లు పెట్టుకునే చోట పట్టా పక్కకు లాగి, చెంచా కాడ రేకు మీద పెట్టి నొక్కింది. గట్టిగా కూడా కాదు. డయాలసిస్ చేయించుకునే మనిషి చేతిలో బలం ఎంతుంటుంది? కాడ దిగబడింది. ఇంకాస్త నొక్కి వదిలేసింది. చెంచా అడుగు నుంచి జారి ఖంగుమని రోడ్డు మీద పడింది.

పుల్లారావు ఆ కన్నంలోంచి తారురోడ్డు చూశాడు. కన్నం తన అతుకుకు జానెడు దూరంలో ఉంది.

"ఎవరు పొడిచారిది? ఎప్పుడు?" అన్నాడు.

"ఎవరూ పొడవలా," అంది ఆమె, కారుకు ఆనుకుని ఊపిరి తీసుకుంటూ. "గురజాల నుంచి యూరియా బస్తాలు ఈ సీటు ముందు, కిందేసుకుని తెచ్చేవాడివి గుర్తుందా? వానకి తడిసి కారినయ్. అప్పటి నుంచీ రేకును తింటానే ఉంది. నీ పట్టీ కూడా అదే తిన్నది."

"నీకెట్టా తెలుసు?"

"నా కాళ్ల కింద గదయ్యా. పోయిన మిరప కోతలప్పుడే మెత్తబడింది. ఒకసారి మడమ దిగింది కూడా. అప్పటి నుంచీ కాళ్లు సీటు మీద పెట్టుకునే కూచుంటన్నా."

కారు అద్దంలో ఆమెను అట్లా చూసినట్టు ఆయనకు గుర్తొచ్చింది. నీరు పట్టిన కాళ్లు, ఎత్తుగా పెట్టుకుంటే సుఖమేమో అనుకున్నాడు. ఊరందరి అడుగులూ లెక్కపెట్టిన మనిషి, ఆ ఒక్కటి మాత్రం అడగలేదు.

"ఇన్నాళ్లూ... మరి చెప్పలేదేందే నాకు?"

"చెప్తే ఏం చేసేవాడివి?" అంది సామ్రాజ్యం. గొంతు పెంచలేదు, అటు బంకు ఇటు బంకు కూడా వింటున్నా ఆమెకు పట్టలేదు. "తుప్పంటే నమ్మేవాడివా? కోశారనేవాడివి. కర్ర తీసుకుని చెన్నకేశవరావు బావ ఇంటి మీదికి పోయేవాడివి. వాళ్లు మాత్రం గాజులు తొడుక్కుని కూచుంటారా? నువ్వు ఆసుపత్రిలోనో స్టేషనులోనో ఉంటే, రోజు విడిచి రోజు నన్నెవరు తీసుకుపోతారు? కాళ్లు పైకి పెట్టుకోవడం తేలిక గదా అని, పెట్టుకున్నా."

పుల్లారావు వంగి ఆ కన్నం అంచు వేళ్లతో పట్టుకుని విరిచాడు. అప్పడంలా విరిగి వచ్చింది. అటు విరిచాడు, ఇటు విరిచాడు, వచ్చినంత మేరా వచ్చింది. ఎర్రటి పొడి అరచేతి నిండా అంటుకుంది. పట్టీ కోశారని ముందే తేల్చుకున్నాడు కాబట్టి, కోసిన చోటు తప్ప ఇంకోచోట వేలు పెట్టి నొక్కి చూడాలని ఆయనకు తోచలేదు. తడి గోనెలు కప్పింది కూడా దీని మీదే. శత్రువు చేసిన గాయానికి వారం రోజులు కట్టు కట్టాడు. పక్కనే ఆమె కాళ్ల కింద నేల లేదు. ఆయనకు ఏడుపు వచ్చింది. రెండు బంకులూ చూస్తున్నాయని తెలిసీ ఆపుకోలేకపోయాడు, ముంజేత్తో కళ్లు తుడుచుకుంటే తుప్పు మొహాన అంటింది.

బాజీ చెంచా తీసి చొక్కాకు తుడిచి సామ్రాజ్యం చేతికిచ్చాడు. "రేకంతా కోసేసి కొత్తది వెయ్యాలి బాబాయ్. ఇవాళ ఈ బండిలో పోవద్దు," అన్నాడు మెల్లగా.

మాచర్ల వైపు నుంచి నరసరావుపేట బస్సు హారను కొట్టుకుంటూ వస్తోంది. పుల్లారావు జేబులోంచి కారు తాళాలు తీశాడు. ఆ తాళాలు ఆయన మంగలి షాపులో కూడా పక్కన పెట్టేవాడు కాదు. ఒకసారి వాటి వైపు, ఒకసారి బాజీ మొహం వైపు చూశాడు. బాజీ నవ్వలేదు, అదే మేలయింది.

"తీసుకో," అన్నాడు పుల్లారావు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సామ్రాజ్యం రెండు కాళ్లూ కింద బాగా ఆనించి కూర్చుంది. పుల్లారావు చాలాసేపు ఆ కాళ్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. ముందు సీట్లో ఎవరు కూర్చున్నారో, వెనక ఎవరున్నారో చూడలేదు. గురజాల ఊరు మొదలవుతుండగా ఆమె వైపు వంగి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"ఏమే, ఇట్టా నాకు చెప్పకుండా ఇంకేమన్నా ఉన్నయ్యా?"

సామ్రాజ్యం కళ్లు మూసుకునే జవాబిచ్చింది. "చానా ఉన్నయ్. అన్నీ ఒక్కరోజే తట్టుకోలేవు గానీ, ముందు నీకు టికెట్టు తీసుకో. కండక్టరు వస్తన్నాడు."